‘స’ అక్షరం కోసం ఒక డిగ్రీ

నేను ఏలూరులో ఫిజిక్స్ చెప్పిన డిగ్రీ కాలేజీకి అటానమస్ హోదా వచ్చిన కొత్తలో, మా హ్యాండ్‌బుక్‌లో ఒక నిబంధన చేర్చారు. విద్యార్థి కోరుకుంటే మూడు డిపార్ట్‌మెంట్ల పాఠాలు కలుపుకుని తన మేజర్ తానే తయారు చేసుకోవచ్చని, ఆ మూడు డిపార్ట్‌మెంట్లూ, పైన అకడమిక్ కౌన్సిలూ ఒప్పుకుంటే చాలని. కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి వచ్చే కమిటీకి చదవడానికి బావుంటుందని పెట్టిన వాక్యం అది. కమిటీ వచ్చింది, చదివింది, మెచ్చుకుంది, భోజనం చేసి వెళ్లింది. తర్వాత దాని సంగతి అందరం మర్చిపోయాం.

మీలో కొందరు ఇప్పుడు ఇలాంటి కాలేజీల్లోనే కొత్తగా పాఠాలు చెబుతున్నారు. మీ హ్యాండ్‌బుక్కుల్లోనూ ఇలాంటి వాక్యాలు ఉండే ఉంటాయి. వాటిని నిజమనుకుని చదివే పిల్ల ఎప్పుడో ఒకతి మీ గుమ్మంలోకి వస్తుంది. నా గుమ్మంలోకి వచ్చింది.

మొదటి సెమిస్టర్ పరీక్షలు అయ్యాక ఒక మధ్యాహ్నం, ల్యాబ్‌లో నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఆ అమ్మాయి హ్యాండ్‌బుక్ తెరిచి పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

“మేడమ్, ఇది నిజమేనా అండీ?”

చూశాను. ఆ నిబంధనే.

“నిజమే అనుకుంటానమ్మా,” అన్నాను.

“ఐతే నాకు ఫిజిక్స్, జువాలజీ, తెలుగు కావాలండీ.”

నాకు నవ్వొచ్చింది. ఫిజిక్స్‌తో జువాలజీ అంటే ఏదోలా సర్దుకోవచ్చు. తెలుగేమిటి? కూర్చోమన్నాను. స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

ఏలూరు పిల్లే. ముస్లిం కుటుంబం. తండ్రి మైక్‌సెట్లు అద్దెకిస్తారు, పాడైన స్పీకర్లు బాగుచేస్తారు. తల్లి ఇంట్లో బట్టలు కుడతారు. ఒక చెల్లెలు, ఎనిమిదో తరగతి. పుట్టుకతోనే వినికిడి తక్కువ. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి ఆలస్యంగా తెలిసింది, చెవికి మిషన్ ఇంకా ఆలస్యంగా వచ్చింది. మిషన్ పెట్టుకుంటే అమ్మ, పప్పు, బండి లాంటి మాటలు బాగానే వినపడతాయి. ‘స’ మాత్రం వినపడదు.

“సబ్బుని ‘అబ్బు’ అంటుందండీ. సైకిల్ని ‘ఐకిల్’ అంటుంది. తను తప్పు పలుకుతున్నట్టు తనకి తెలీదు. తనకి అలాగే వినపడుతుంది కదండీ. క్లాసులో నవ్వుతారని ఇప్పుడు అసలు మాట్లాడటమే తగ్గించేసింది. మా చెల్లికి ‘స’ ఎందుకు వినపడదో ఎవర్ని అడగాలండీ?”

అప్పటికే ఇద్దరిని అడిగి వచ్చిందట. జువాలజీ సార్ చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకుని ఉండే భాగం బొమ్మ వేసి చూపించారు, అక్షరాల సంగతి తెలుగు సార్‌ని అడగమన్నారు. తెలుగు సార్ ‘స’ని ఊష్మం అంటారని, పళ్ల మధ్య నుంచి గాలి ఒరుసుకుంటూ రావడం వల్ల పుడుతుందని చెప్పి, ఆ గాలి శబ్దం ఎలాంటిదో ఫిజిక్స్ వాళ్లని అడగమన్నారు.

నేను నాకు తెలిసింది చెప్పాను. ‘అ’, ‘మ’ లాంటివి కింది స్థాయి శబ్దాలు. ‘స’లో ఉండేదంతా చాలా పై స్థాయి శబ్దం, ఈల కంటే పైది. నేను ఆ మాట అనగానే ఆ పిల్ల ముఖం విప్పారింది.

“పై స్థాయి శబ్దాల్ని పట్టుకునే కణాలు వేరే ఉంటాయని, చాలామందికి ముందు అవే దెబ్బతింటాయని జువాలజీ సార్ అన్నారండీ. ఐతే మా చెల్లికి పోయినవి అవేనన్నమాట.”

మేం ముగ్గురం తలో ముక్కా ఇచ్చి పంపించాం. అతుకు వేసింది ఆ పిల్ల. స్టూలు మీద కూర్చుని, నా కళ్లముందే.

“దీనికి వేరే కోర్సే ఉందమ్మా, హైదరాబాద్ లాంటి చోట్ల,” అన్నాను.

“తెలుసండీ. సీటు కోసం అడిగాం కూడా. కానీ నేను వెళ్తే ఇంట్లో దాని మాట అర్థమయ్యేవాళ్లు తగ్గిపోతారండీ. అందుకని ఇక్కడే చేరాను.”

నేను తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజర్‌లో వచ్చేదాన్ని. తెలుగు సార్ కూడా అదే బండి. మర్నాడు పూళ్ల స్టేషన్ దాటాక ఈ సంగతి ఎత్తాను. ఆయన కిటికీలోంచి చేపల చెరువుల వైపు చూస్తూ విన్నారు.

“నా దగ్గరికి పిల్లలు మార్కుల కోసం వస్తారండీ. అటెండెన్స్ కోసం వస్తారు. అక్షరం కోసం వచ్చిన పిల్ల ఇంతవరకు లేదు. నేను సంతకం పెడతాను,” అన్నారు.

జువాలజీ సార్ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. మా ముగ్గురిలో పెద్దవారు ఆయనే, జాగ్రత్త మనిషి. “బండి ఎక్కిస్తాం సరే మేడమ్, దిగే స్టేషనేదో చెప్పాలి కదా. రేపు ఎక్కడ చూపించినా ఇదేం డిగ్రీ అని అడుగుతారు. అప్పుడు మనం పక్కన ఉండం,” అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. నేను వదలకుండా అడిగితే చివరికి ఆయనా సంతకం పెట్టారు.

ఆ వారమే ఆ అమ్మాయి తండ్రి వచ్చారు. కుర్చీ చూపించినా చాలాసేపు కూర్చోలేదు.

“మేడమ్ గారూ, అది అడిగితే కాదనలేనండీ. చెల్లెలి కోసం అంటోంది. కానీ ఎవరన్నా మీ అమ్మాయి ఏం చదువుతోందండీ అంటే నేనేం చెప్పాలండీ?”

“శబ్దం గురించి చదువుతోందని చెప్పండి.”

ఆయన మెల్లిగా నవ్వారు. “ఐతే చివరికి మా దుకాణానికే పనికొస్తుందంటారు.”

పాఠాలు ఎంచడానికి నాలుగైదు మధ్యాహ్నాలు మా ల్యాబ్‌లో కూర్చున్నాం. మొదటి తప్పు అక్కడే చేశాం. ఎవరి పాఠం వాళ్లకి ముద్దు కదా. నేను కాంతి వదలనన్నాను. తెలుగు సార్ ఛందస్సు వదలనన్నారు. జువాలజీ సార్ బొద్దింకను వదలనన్నారు. మూడు డిగ్రీల బరువు ఒక పిల్ల నెత్తిన పెట్టబోతున్నామని మాకు తోచలేదు. ఆ అమ్మాయి చాలా మర్యాదగా ఒక్కోటీ తీయించింది.

“సార్, బొద్దింకకి చెవులుంటాయా అండీ?”

“ఉండవు.”

“ఐతే తీసేద్దామా అండీ?”

జువాలజీ సార్ కళ్లజోడు సర్దుకున్నారు. “చెవులుండవు గానీ అదురు తెలుస్తుంది. కాళ్లతో.”

ఆ కారణం మీద బొద్దింక ఉండిపోయింది. నా కాంతి పోయింది.

అకడమిక్ కౌన్సిల్‌లో యూనివర్సిటీ తరఫున వచ్చిన ప్రొఫెసర్ గారు అంతా చదివి, “ఈ మేజర్‌కి పేరేంటి?” అని అడిగారు. తెలుగు సార్ ‘శబ్దశాస్త్రం’ అన్నారు. సర్టిఫికెట్లు అచ్చువేసే కంప్యూటర్‌లో అలాంటి పేరు లేదన్నారు ఆయన. ఉన్నవాటిలో దగ్గరది ఏదో వెతికి పెట్టాం. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. మూడో ఏడు ఆ అమ్మాయి సొంతంగా ఒక ప్రాజెక్టు చేసి చూపించాలి. అది నిలబడకపోతే ఈ మేజర్ రద్దు, మామూలు మేజర్ ఏదో ఒకటి తీసుకుని ఏడాది వెనక్కి వెళ్లి చదువుకోవాలి. ఆ షరతు విని జువాలజీ సార్ నావైపు చూశారు. ఆ అమ్మాయి మాత్రం అందరికీ దణ్ణం పెట్టి వెళ్లింది.

తర్వాతి రెండేళ్లూ నా ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైన రోజులు. గొంతు మీద చెయ్యి పెట్టుకుని ‘ప’కీ ‘బ’కీ తేడా పట్టుకోవడం తెలుగు సార్ నేర్పుతుంటే, ఆ పక్కనే నేను అదే తేడాని కంప్యూటర్ తెర మీద గీతల్లో చూపించేదాన్ని. ముప్పై ఏళ్లకు దగ్గరపడిన సర్వీసులో నేను ఇంకొకరి పాఠం కూర్చుని వినడం అదే మొదలు.

ప్రాజెక్టుకి ఏం ఎంచుకోవాలన్న ప్రశ్నే రాలేదు. చెల్లెలే. రోజూ సాయంత్రం చెల్లెలితో కొన్ని మాటలు పలికించి ఫోన్‌లో రికార్డు చేసేది. ఏ శబ్దం వస్తోంది, ఏది రావట్లేదు, ఎన్ని నెలలకి ఏం మారింది. అంత ఓపిగ్గా, అంత ప్రేమగా చేసిన పని నేను పెద్ద చదువులవాళ్ల దగ్గర కూడా చూడలేదు. మాకు గర్వంగా ఉండేది.

మూడో ఏడు చలికాలంలో ఒకరోజు ఆ అమ్మాయి ల్యాబ్‌కి వచ్చి ఊరికే కూర్చుంది. కంప్యూటర్ కూడా తెరవలేదు.

“ఇంక రికార్డు చేయనివ్వనంటోందండీ. మిషన్ కూడా తీసి పెట్టెలో పడేసింది. స్కూలుకి పెట్టుకోవట్లేదు.”

“గొడవ పడ్డారా?”

“లేదండీ. ఏమీ అనలేదు. తీసేసిందంతే.”

ప్రాజెక్టు చూపించే గడువు దగ్గరికొస్తోంది. ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఇప్పటివరకు ఉన్న రికార్డులు చాలని, వాటితోనే రాసేయమని జువాలజీ సార్ అన్నారు. నేనూ అదే అన్నాను. ఏడాది పోతుందన్న భయం మాది.

“ఆ చిన్నపిల్లని ఎవరైనా అడిగారా అండీ?” అన్నారు తెలుగు సార్.

అడగలేదు. రెండేళ్లుగా ఆ పిల్ల గొంతు వింటున్నాం. ఆ పిల్లని మేమెవరం ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ ఆదివారం జువాలజీ సార్ ఆటపాక వెళ్లాలనుకున్నారు. కొల్లేరు అంచున కైకలూరు దగ్గర ఊరు అది. చలికాలం పక్షులు వేలల్లో దిగుతాయి. పక్షుల శబ్దాల పాఠం అక్కడే చెబుదామని ఆయన ఉద్దేశం. చెల్లెల్ని కూడా తీసుకురమ్మన్నాం. వస్తుందనుకోలేదు. వచ్చింది. పల్చటి పిల్ల, పెద్ద కళ్లు, చెవికి మిషన్ లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా బయటికే చూసింది.

పడవలో వెళ్లాం. నీళ్లలో పాతిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టుకుని ఉన్నాయి. పిల్లపక్షులు మేత కోసం ఒకటే గోల. జువాలజీ సార్ వేలు పెట్టి చూపించారు. “అరిచేవన్నీ పిల్లలే. ఈ కొంగలు పెద్దయ్యాక గొంతు ఇంచుమించు ఉండదు. ముక్కులు టకటకలాడిస్తాయి. పలకరింపు, కోపం, ముద్దు, అంతా దాంతోనే.”

అక్క ఆ మాటలు చెల్లెలికి ముఖంలో ముఖం పెట్టి మళ్లీ చెప్పింది. చిన్నది కొంగల వైపు చాలాసేపు చూసింది. ఒక జంట మెడలు వెనక్కి విరిచి ముక్కులు ఆడించాయి. చిన్నదానికి అది వినపడిందో లేదో నాకు తెలీదు. నవ్వింది మాత్రం.

ఒడ్డుకొచ్చాక టీ కొట్టు దగ్గర బెంచీ మీద దాని పక్కన కూర్చున్నాను. నా పెదాలు కనపడేలా తిరిగి అడిగాను.

“రికార్డింగ్ అంటే కోపం వచ్చిందా అమ్మా?”

తల అడ్డంగా ఊపింది. వాళ్లింట్లో అక్కని ఆపా అంటారు. ‘స’లు లేకపోయినా ఆ పిల్ల చెప్పిన ప్రతి మాటా నాకు అర్థమైంది.

“ఆపా ఇదివరకు నేనేం చెప్తే అది వినేది మేడమ్. ఇప్పుడు ఎలా చెప్తున్నానో వింటోంది. మొన్న స్కూల్లో ఏడ్చానని చెప్పాను. ఆపా ‘స్కూలు’ మళ్లీ అనమంది.”

అక్క మా వెనకే టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. నేను చూసుకోలేదు. గ్లాసులు బెంచీ మీద పెట్టి వచ్చి చెల్లెలి ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుంది. ఫోన్ తీసింది.

“తీసేయనా?”

చిన్నది ఆలోచించి తల ఊపింది.

రెండేళ్ల సాయంత్రాలు. అన్నీ ఎంపిక చేసి, ఒకసారి చెల్లెలికి తెర చూపించి, తీసేసింది. కాపీలు ల్యాబ్ కంప్యూటర్‌లో ఉన్నాయని నాకు తెలుసు. ఆ అమ్మాయికీ తెలుసు. “అవి కూడా రేపు తీసేద్దామండీ,” అంది నావైపు తిరిగి. ఆగమనే మాట నోటిదాకా వచ్చింది. తెలుగు సార్ నా వంక చూసి కళ్లతోనే వద్దన్నారు. జువాలజీ సార్ అటు తిరిగి సరస్సు వైపు చూస్తూ నిలబడ్డారు.

తిరుగు బస్సులో అక్కచెల్లెళ్లు ఒకే సీట్లో కూర్చున్నారు. చిన్నది మాట్లాడుతూనే ఉంది, ఏలూరు వచ్చేదాకా. పెద్దది మధ్యలో ఒక్క మాట కూడా సరిచేయలేదు. బస్టాండులో దిగాక నా దగ్గరికి వచ్చి ఆశ్చర్యపోతూ చెప్పింది.

“మేడమ్, క్లాసులో మిషన్ పెట్టుకుంటే దానికి ఫ్యాన్లు తప్ప ఏమీ వినపడవటండీ. ఎప్పటినుంచో అలాగేనట. మిషన్ అందుకే తీసేసిందట. నేనెప్పుడూ అడగలేదు.”

ప్రాజెక్టు అక్కడ పుట్టింది. ఆ స్కూలు హెడ్‌మిస్ట్రెస్ గారి అనుమతి తీసుకుని, సెలవు రోజుల్లో ఆ తరగతి గదిలో కొలతలు తీసింది. రేకుల కప్పు, బోడి గోడలు, గడగడలాడే పాత ఫ్యాన్లు, పక్కనే లారీలు తిరిగే రోడ్డు. తండ్రి స్పీకరు మోసుకొచ్చి టీచరు నిలబడే చోట పెట్టారు. గొంతు ముందు బెంచీ దగ్గర ఎంత ఉంటోంది, వెనక బెంచీ దగ్గర ఎంత మిగులుతోంది అని చూసింది. తర్వాత తరగతి పిల్లలందరికీ మాటలు చెప్పి రాయించింది. వినికిడి నిక్షేపంలా ఉన్న పిల్లలే వెనక బెంచీల్లో ‘సంచి’ని ‘మంచి’ అని రాశారు. ఆ గదిలో ‘స’ వినపడనిది ఒక్క చెల్లెలికే కాదని తేలింది.

ప్రాజెక్టు చూడటానికి అదే ప్రొఫెసర్ గారు వచ్చారు. ఓపిగ్గా అన్నీ విని, మొదట్లో మేం పంపిన ప్రణాళిక తీసి చూశారు.

“ఇది మీ చెల్లెలి గురించి అని ఉందే?”

“తను వద్దందండీ.”

ఆయన ప్రణాళిక మూసి పక్కన పెట్టారు. తర్వాత తన యూనివర్సిటీలో క్లాసు గదులు ఎలా ఉంటాయో చెప్పడం మొదలుపెట్టారు. ఆయన కంప్లైంట్లు వినడానికే మాకు అరగంట పట్టింది. మేజర్ నిలబడింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు ఫ్యాన్లు బాగుచేయించారు. అమ్మాయి తండ్రికి తివాచీలు నేసే కుటుంబం ఒకటి తెలుసు. వాళ్ల దగ్గర నేతలో పాడైపోయిన ముక్కలు తెచ్చి వెనక గోడకి బిగించారు. ప్రతిధ్వని చాలావరకు తగ్గింది. అన్ని రంగుల ముక్కలు గోడ మీద చూసి పక్క సెక్షన్ పిల్లలు మాకూ కావాలని పేచీ పెట్టారట. చిన్నది మళ్లీ మిషన్ పెట్టుకుంది. పదో తరగతి పాసైంది. ‘స’ వచ్చిందా అని మీరు అడుగుతారు. కొద్దికొద్దిగా వచ్చింది, అలిసిపోయినప్పుడు పోతుంది. ఇప్పుడది ఆ ఇంట్లో పెద్ద విషయం కాదు.

పెద్దమ్మాయి వినికిడి తక్కువ పిల్లలకి పాఠం చెప్పే టీచర్ల ట్రైనింగ్ చేసింది. ఇంటర్వ్యూలో మార్కుల జాబితా చూసి ఇదేం డిగ్రీ అని అడిగారట. మొదట్నుంచీ చెప్పిందట. ఇప్పుడు ఏలూరుకి దగ్గర్లోనే ఒక స్కూల్లో పనిచేస్తోంది. కొత్త గదిలోకి వెళ్తే ముందు ఫ్యాన్ ఆపి చూస్తానని నాతో అంది.

ఆ నిబంధనని మళ్లీ ఎవరూ వాడుకోలేదు. తర్వాత రూల్స్ మారి హ్యాండ్‌బుక్ కొత్తది వేశారు, అందులో ఆ వాక్యం లేదు.

నా సర్వీసులో ఆఖరి అడ్మిషన్ల సీజన్‌లో నన్ను కౌంటర్‌లో కూర్చోబెట్టారు. ఒకరోజు చిన్నది వచ్చింది. ఇంటర్ అయిపోయింది, ఎత్తు పెరిగింది, మిషన్ కనపడేలా జుట్టు వెనక్కి కట్టుకుంది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. నిబంధన పోతే పోయింది, ఈ పిల్ల అడిగితే ప్రిన్సిపాల్ గారి దగ్గర నేనే కూర్చుని ఏదో ఒక దారి చేయిస్తానని లోపల అనేసుకున్నాను కూడా.

“ఏం తీసుకుంటావమ్మా? ఫిజిక్స్ పెట్టుకుంటావా, పక్కన జువాలజీ?”

“వద్దు మేడమ్. కామర్స్.”

“కామర్సా? ఎందుకని?”

“నా ఫ్రెండ్స్ అందరూ అందులోనే చేరుతున్నారు.”

ఇంకా ఏదో కారణం ఉంటుందేమోనని చూశాను. లేదు. వెనక నిలబడ్డ ఇద్దరు అమ్మాయిలు దాని జడ లాగుతూ తొందరపెడుతున్నారు. కామర్స్ అని రాశాను.

“ఆపా రాలేదా?”

“వచ్చింది. లోపలికి నేనే రావద్దన్నాను,” అని నవ్వి, ఫ్రెండ్స్‌తో కబుర్లు చెప్పుకుంటూ ఫీజు కౌంటర్ వైపు వెళ్లిపోయింది.

కిటికీలోంచి చూశాను. గేటు దగ్గర స్కూటీ మీద పెద్దది కూర్చుని ఉంది. మా వైపు అసలు చూడటం లేదన్నట్టు, రోడ్డు మీద వెళ్లే ఆటోల వైపు ముఖం పెట్టుకుని.